మూడో చెయ్యి

మూడో లేతు మిషనుకు నూనె పోసి, ఇనుమును బిగించే చక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి చూసి, బాలనర్సింహ నాలుగో మిషను దగ్గరికి జరిగాడు. తిప్పినప్పుడు చప్పుడు రాకూడదు. వచ్చిందంటే లోపల ఎక్కడో తుప్పు మొదలైనట్టే లెక్క. నూనె డబ్బా సన్నటి మూతిని వంచి, మూడు చుక్కలు పడగానే చటుక్కున ఎత్తేశాడు. నాలుగో చుక్క దండగ అని ముప్ఫై ఏడేళ్ళ కింద ఫోర్‌మన్ చంద్రయ్య నేర్పించాడు. ఇప్పుడు చంద్రయ్య లేడు, ఫోర్‌మన్ ఉద్యోగమూ లేదు, ఆ మాటకొస్తే ఫ్యాక్టరీయే లేదు. మూడు చుక్కలు మాత్రం మిగిలాయి.

నాచారం పారిశ్రామికవాడలో ఆ గేర్ల ఫ్యాక్టరీకి తాళం పడి పద్నాలుగేళ్ళయింది. తాళం పడ్డ మర్నాడు పనివాళ్ళంతా వేరే ఫ్యాక్టరీల గేట్ల ముందు నిలబడితే, బాలనర్సింహ ఒక్కడే మామూలుగా టిఫిన్ డబ్బా పట్టుకుని ఇక్కడికి వచ్చాడు. ఎందుకొచ్చావని అడిగితే చెప్పలేకపోయాడు. కోర్టు కేసు తెగేదాకా మిషన్లకు కాపలా మనిషి కావాలి కాబట్టి అతణ్ణే ఉండమన్నారు. అప్పట్నుంచి రోజూ పొద్దున ఉప్పల్ పాత ఊళ్ళోంచి సైకిలు మీద వస్తాడు, పొద్దుగూకాక పోతాడు. దారిలో మెట్రో స్తంభాల కోసం తవ్విన గుంతల్ని చూసి ఆగడు. తవ్వడం, పూడ్చడం అతను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. వాళ్ళ నాన్న జొన్న చేను ఈ పారిశ్రామికవాడలో ఏ షెడ్డు కింద ఉందో కూడా ఇప్పుడు చెప్పలేడు.

మనిషి సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఇరవై మూడేళ్ళు లేతు మీదికి వంగిన నడుము మళ్ళీ తిన్నగా కాలేదు. వేళ్ళు మాత్రం పొడుగు, గోళ్ళ చుట్టూ నల్లటి గీత. ఏ సబ్బుకూ పోదు. భార్య సక్కుబాయి చనిపోయి ఏడేళ్ళు. పిల్లలు లేరు. రోజు మొత్తంలో అతను మాట్లాడే మాటలు కూడితే ఒక పోస్టుకార్డుకు సరిపోతాయి.

ఆ ఆదివారం మాత్రం అతనికి తొందరగా ఉంది. సాయంత్రం నాలుగు గంటలకు జనార్ధనరావు సార్ వస్తున్నాడు.

ఫ్యాక్టరీ వెనకవైపు పాత స్టోరు రూము ఉంది. జనార్ధనరావు దాన్ని 2000 సంవత్సరంలో అద్దెకు తీసుకున్నాడు. జనగామలో సైన్సు మాస్టారుగా చేస్తూ చేస్తూ ఉద్యోగం వదిలేసి, దయ్యాల సినిమాలు తీయడానికి వచ్చినవాడు. నాలుగు తీశాడు: ఉప్పు బావి, తడి గోడ, పాత దవాఖానా, సున్నపు బట్టీ. కథ, దర్శకత్వం, సంగీతం అన్నీ ఆయనే. సంగీతానికి మరొకర్ని పెట్టుకునే స్తోమత లేక మొదట తానే చేశాడు. తర్వాత ఇంకొకరు ఊరికే చేస్తామన్నా ఒప్పుకోలేదు. జిల్లా సెంటర్లలో రెండేసి వారాలు ఆడాయి. పాటలు లేవు కనుక క్యాసెట్లు రాలేదు. జనం జడుసుకున్నారు, ఇళ్ళకు పోయారు, మరిచిపోయారు.

సంగీతమంతా ఒకే పెట్టెలోంచి వచ్చింది. సార్ దాన్ని సింథసైజర్ అంటాడు. బాంబేలో సెకండ్‌హ్యాండ్‌కు కొన్న జపాన్ సరుకు. బాలనర్సింహ పెట్టె అనే అంటాడు. సార్ ఒక్కడే దాని ముందు పూటల కొద్దీ కూర్చుని బొత్తాలు నొక్కుతూ, ఏవో అంకెలు మారుస్తూ, ఒక్కో శబ్దాన్ని తయారు చేసుకునేవాడు. ఆ సమయంలో బాలనర్సింహ అటువైపు పోయేవాడు కాదు. నమాజు చేసుకునే మనిషి ముందు నుంచి ఎవరు నడుస్తారు?

మొదటి సినిమా అప్పుడే సార్‌కు ఒక చెయ్యి తక్కువైంది. కుడిచేత్తో వాయించాలి, ఎడమచేత్తో పక్కనున్న మీట మెల్లగా జరపాలి. కింద ఒకే మెట్టు, బాగా లోతైన శబ్దం, నాలుగైదు నిమిషాలు ఆగకుండా మోగుతూ ఉండాలి. టీవీలో బొమ్మ నడుస్తుంటే ఒక్క ఊపున రికార్డు చేయాలి. తెగితే మళ్ళీ మొదటికి. మెట్టు మీద రాయి పెట్టి చూశాడు, జారింది. టేపు అంటించి చూశాడు, ఊడింది. టీ తెచ్చిన బాలనర్సింహను పిలిచాడు.

“నర్సిమ్మా, ఈ మెట్టు ఒత్తి పట్టు. నేను గదుమ కిందికి దించితె ఒత్తాలె, పైకి లేపితె మెల్లగ ఇడవాలె. నడుమ కదలొద్దు.”

కదలలేదు. తిరుగుతున్న ఇనుము మీద పనిముట్టును వెంట్రుక మందం తేడా రాకుండా పట్టిన చెయ్యి అది. మెట్టు ఒక లెక్కా! నాలుగు సినిమాల్లో దయ్యం వచ్చే ముందు కడుపులో దేవేసే ఆ లోతు శబ్దం బాలనర్సింహ చూపుడువేలిది. తెర మీద పేర్లలో అతని పేరు లేదు. పెట్టాలని అతనికీ తోచలేదు, సార్‌కూ తోచలేదు. సార్ మాత్రం ఎవరొచ్చినా “మా మూడో చెయ్యి” అని పరిచయం చేసేవాడు. ఆ మాట విన్న రోజు బాలనర్సింహ సైకిలు కొంచెం వేగంగా తొక్కేవాడు.

2008 తర్వాత సినిమాలు లేవు. గదిలో పెట్టె ఉండిపోయింది. సార్ వారానికి ఒకసారి వచ్చి వాయించుకునేవాడు. తర్వాత కిడ్నీలు చెడిపోయాయి. పీర్జాదిగూడలో మేనకోడలు కల్పన ఇంట్లో ఉంటూ, వారానికి మూడుసార్లు దవాఖానాకు పోయి రక్తం శుభ్రం చేయించుకుంటున్నాడు. ఎక్కువ రోజులు లేవని డాక్టరు కల్పనతో చెప్పాడు, కల్పన బాలనర్సింహతో చెప్పింది. సార్‌కు ఎవరూ చెప్పలేదు. ఆయనకు తెలుసు.

అట్లాంటి సమయంలో పోచారం ఐటీ క్యాంపస్‌లో పనిచేసే గౌతమి అనే అమ్మాయి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. చిన్నప్పుడు వరంగల్లో అన్నతో కలిసి దుప్పటి ముసుగులోంచి ఈ నాలుగు సినిమాలూ సీడీల్లో చూసిందట. ఇంటర్నెట్‌లో ఆ సంగీతం గురించి రాసింది: తనకు ఇష్టమైనవి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరస పెట్టి. మొదటిది తడి గోడ. అది చదివి సార్ రెండు రోజులు అన్నం సరిగా తినలేదని కల్పన చెప్పింది. సంతోషానికి కూడా ఆకలి చస్తుంది. గౌతమి అడిగింది ఒక్కటే. సీడీల్లో సంగీతం మీద అరుపులు, తలుపుల చప్పుళ్ళు పడి ఉన్నాయి. సార్ ఒక్కసారి ఆ పెట్టె మీద అవే శబ్దాలు వట్టిగా వాయిస్తే శుభ్రంగా రికార్డు చేసి దాచిపెడతానంది.

“సినిమాలు పోతె పోనీ నర్సిమ్మా,” అన్నాడు సార్ ఫోన్లో. “శబ్దాలు ఉండాలె. ఆదివారం వస్తున్న. తయారుగుండు.”

తయారుగా ఉండటం అంటే బాలనర్సింహకు ఒకటే అర్థం. పెద్దమనిషి తనిఖీకి వచ్చే ముందు అరిగినవి తీసి కొత్తవి వేయాలి. గది ఊడ్చాడు. పెట్టె మీద బట్ట తీసి, మెట్లు ఒక్కొక్కటే తడిగుడ్డతో తుడిచాడు. స్విచ్చి వేశాడు. చిన్న అద్దంలో ఇంగ్లీషు అక్షరాలు ఆరి వెలుగుతున్నాయి. అయిదు నెలలుగా అంతే. ఆ అక్షరాల్ని కాగితం మీద బొమ్మ గీసినట్టు గీసుకుని, మొన్న నాచారం చౌరస్తాలో ఎమర్జెన్సీ లైట్లు బాగుచేసే ఉపేందర్‌కు చూపించాడు. సెల్ అయిపోవచ్చింది, మార్చుకో కాకా అని ఉపేందర్ బిళ్ళ సెల్ ఒకటి ఇచ్చాడు. అది ఏ పెట్టెదో అతను అడగలేదు, ఇతను చెప్పలేదు.

పది గంటలప్పుడు పెట్టెను దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టి పద్నాలుగు స్క్రూలు విప్పాడు. విప్పినవి విప్పిన వరసలోనే నేల మీద పేర్చాడు. లోపల దుమ్ము ఊదాడు. పాత సెల్‌ను గోటితో లేపి తీసి, కొత్తది కూర్చోబెట్టాడు. సక్కుబాయి ఉండగా గోడగడియారానికి కూడా ఇంత శ్రద్ధ చేయలేదు. మళ్ళీ బిగించి, నిలబెట్టి, స్విచ్చి వేశాడు. అక్షరాలు ఆరి వెలగడం మానేశాయి. పని సక్కగా కుదిరినప్పటి తృప్తి అతని ఛాతీలో నిండుగా కూర్చుంది.

తన మెట్టు ఒత్తాడు.

టింగుమని పియానో మోగింది. పెళ్ళి వీడియోల్లో వచ్చే పియానో. మోగి, పలచబడి, చచ్చిపోయింది.

మళ్ళీ ఒత్తాడు. మళ్ళీ అదే. సార్ నొక్కే బొత్తాలు గుర్తు చేసుకుని ఒక్కొక్కటే నొక్కాడు. వేణువు వచ్చింది, గంటలు వచ్చాయి, బ్యాండు బూర వచ్చింది. ఉప్పు బావి లేదు. తడి గోడ లేదు. నాలుగు సినిమాల భయంలో ఒక్క చుక్క కూడా లేదు. పెట్టె ఇప్పుడే దుకాణంలోంచి వచ్చినంత శుభ్రంగా ఉంది. బాలనర్సింహ పాత సెల్ తీసుకుని, మళ్ళీ పద్నాలుగు స్క్రూలు విప్పి, దాన్నే వేసి చూశాడు. పియానో.

ఉపేందర్ ఆదివారం పన్నెండింటికి షట్టరు దించేస్తాడు. బాలనర్సింహ సైకిలు తొక్కిన తొక్కుకు చెయిను రెండుసార్లు ఊడింది. పోయేసరికి షట్టరు సగం దిగి ఉంది. వంగి లోపలికి చూసి జరిగింది చెప్పాడు.

“అయ్యో కాకా, కీబోర్డుదా? ముందుగాల జెప్పొద్దా!” అన్నాడు ఉపేందర్. “సెల్ ఉన్నన్ని దినాలే దానికి యాదికుంటది. సెల్ తీసినవంటె మనం పెట్టినయన్ని మర్చిపోతది. కంపెనీ పెట్టినయే మిగుల్తయి.”

“మల్ల తేలేమా?”

“ఎవలు పెట్టిన్రో ఆళ్ళే పెట్టాలె. ఆళ్ళకు యాదికుంటే.”

అయిదు, ఏడు, పన్నెండేళ్ళ కింద ఒక్కో శబ్దానికి పూటలు పూటలు కూర్చుని తిప్పిన అంకెలు. రక్తం మార్పించుకుని వచ్చిన రోజున తన చెప్పులు ఏవో గుర్తుపట్టలేని మనిషికి యాదికుంటాయా? బాలనర్సింహ సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వచ్చాడు. ఎక్కాలన్న ధ్యాసే లేదు. అన్నం డబ్బా విప్పలేదు. తన తల మీద తానే రెండు దెబ్బలు వేసుకున్నాడు. సార్ బతుకు మొత్తం ఆ పెట్టెలో ఉంది, దాన్ని నేను తుడిచి పారేసిన అనుకున్నాడు. నూనె పోసే చెయ్యి, తుడిచే చెయ్యి. ఎప్పుడూ ఏదీ పాడు చేయని చెయ్యి.

రెండు గంటలకు ధైర్యం చేసి కల్పనకు ఫోన్ చేశాడు. రావద్దని చెప్పేద్దామని.

“నర్సిమ్మ కాకా, నేనే చేద్దామనుకున్న,” అంది కల్పన గబగబా. “మామ పొద్దుగాల అయిదింటికే లేసిండు. గడ్డం గీస్కున్నడు, తెల్ల అంగి ఏసుకున్నడు. మూడు నెలలైంది కాకా ఆయన నవ్వంగ చూసి. నువ్వేదో చెప్పబోతివి?”

“ఏం లేదు బిడ్డా. మెల్లగ తీస్కరా. గేటు దగ్గర గుంత ఉన్నది.”

ఫోన్ పెట్టేసి పెట్టె ముందు కూర్చున్నాడు. సార్ జరిపే మీటలు జరిపాడు, బొత్తాలు నొక్కాడు. ఒకసారి ఏదో లోతుగా మూలిగినట్టయింది. ప్రాణం లేచొచ్చి ఇంకోటి కదిపాడు, అదీ పోయింది. చెవిలో మాత్రం ఆ శబ్దం స్పష్టంగా ఉంది. మొదలు ఎక్కడ గరుకుగా ఉంటుందో, రెండో నిమిషంలో ఎక్కడ కొంచెం ఊగుతుందో, వేలు ఎత్తాక ఎంతసేపు మిగులుతుందో అన్నీ తెలుసు. తెలిసి ఏం లాభం, చెవిలోంచి పెట్టెలోకి దారి లేదు.

నాలుగు కాకముందే గేటు దగ్గర ఆటో చప్పుడైంది. బాలనర్సింహ లేచి వాకిలి దాకా వచ్చాడు. కల్పన రెక్క పట్టుకుని దించుతుంటే సార్ కనిపించాడు: మెడ కాలరులో ఊగుతోంది, ముఖం ఉబ్బి ఉంది, అంగీ మాత్రం తెల్లగా మెరుస్తోంది. వెనక నల్ల సంచీతో గౌతమి. సార్ దూరం నుంచే చెయ్యెత్తాడు. ఆ చెయ్యి చూశాక బాలనర్సింహ కాళ్ళు వాటంతటవే గోడ దగ్గరికి పోయాయి. మెయిన్ బోర్డు తలుపు తీసి, ఫ్యూజు పీకి, ప్యాంటు జేబులో వేసుకున్నాడు. తల మీద ఫ్యాను మెల్లగా ఆగిపోయింది.

“కరెంటు పోయింది సార్,” అన్నాడు ఎదురుపోయి. యాభై ఆరేళ్ళ మనిషి, బుద్ధి తెలిశాక ఆడిన మొదటి పెద్ద అబద్ధం.

ఆ సంవత్సరం ఫ్యాక్టరీలకు వారంలో మూడు రోజులు కరెంటు సెలవు. ఎవరికీ అనుమానం రాలేదు. గౌతమి మాత్రం ల్యాప్‌టాప్ సంచీ దించుతూ నిట్టూర్చింది. సార్ కుర్చీలో కూలబడి, ఊపిరి తీసుకుని, తల ఒక పక్కకు వంచాడు. ఆయన ఏదైనా వింటుంటే అట్లాగే వంచుతాడు.

“బయట ట్రాన్స్‌ఫార్మర్ మోగుతున్నది గద నర్సిమ్మా.”

బాలనర్సింహ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. “మనది ఒక్క ఫేజు పోయినట్టున్నది సార్.”

సార్ అతని ముఖంలోకి చూశాడు. తర్వాత గోడ వైపు, పెట్టె వైపు, మళ్ళీ అతని జేబు వైపు చూశాడేమో, బాలనర్సింహకు తెలియదు, అతను తలెత్తలేదు.

“ఫేజు పోయిందా,” అన్నాడు సార్. “పోతె ఏం జేస్తం. జరసేపు కూసుందాం.”

కూర్చున్నారు. రేకుల కింద ఏప్రిల్ ఎండ ఉడికిస్తోంది. కల్పన అట్టముక్కతో విసురుతోంది. గౌతమి సార్‌ను అడిగింది, నాలుగింటిలో మీకు ఏది ఎక్కువ ఇష్టమని. ఉప్పు బావి అన్నాడాయన. తనకు సరిగా చేతకాని రోజుల్లో చేసింది కనుక అందులో నిజం భయం ఉందట, తర్వాతి వాటిలో పనితనం ఉందట. గౌతమి తడి గోడ కోసం వాదించింది. ఆయన నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వి, ఉన్నట్టుండి ఇటు తిరిగాడు.

“నీకేది ఇష్టం నర్సిమ్మా? పన్నెండేండ్లాయె, నిన్ను ఒక్కనాడు అడగకపోతి.”

అడుగుతారని అతను అనుకోలేదు. జవాబు మాత్రం ఏడేళ్ళుగా తయారుగా ఉన్నట్టు వచ్చింది. “పాత దవాఖానా సార్.”

“ఎందుకు?”

సక్కుబాయి పోయిన పదిహేను రోజులకు ఆ సినిమా రికార్డింగు. అప్పుడు ఊళ్ళో కనిపించిన ప్రతివాడూ చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి అనేవాడు. అతనికి వినబుద్ధయ్యేది కాదు. ఇక్కడ మెట్టు ఒత్తి పట్టుకున్న అయిదు నిమిషాలూ ఎవరూ ఏమీ అనలేదు. ఆ శబ్దం అతని బదులు ఏడ్చింది. వేలు కదపకుండా నిలబడితే చాలు, మిగతా పని అదే చేసింది.

“అప్పుడు ఎవ్వలు మాట్లాడలే సార్,” అన్నాడు. అంతకంటే కూర్చి చెప్పడం అతనికి రాదు.

సార్‌కు అర్థమైంది. తల ఊపి, చెయ్యి చాపి, బాలనర్సింహ మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా, దూదిలా ఉంది. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. సార్, నేను సెల్ మార్చిన. నాలుగే మాటలు. కల్పన గడియారం చూసి, “మామా, మందు టైమైంది, ఇగ కరెంటు రాదు, పోదాం,” అని లేచింది. నాలుగు మాటలూ లోపలే ఉండిపోయాయి.

“వచ్చే ఆదివారం పెట్టుకుందాం,” అన్నాడు సార్ గౌతమితో. ఆటో ఎక్కాక తల బయటికి పెట్టి, “నర్సిమ్మా, ఫికర్ చెయ్యకు,” అన్నాడు. ఎందుకన్నాడో బాలనర్సింహ ఆలోచించలేదు. బతికిపోయాననుకున్నాడు. వారం రోజులున్నాయి, ఏదో ఒకటి చేయొచ్చు అనుకున్నాడు. ఆటో మలుపు తిరిగాక లోపలికి వచ్చి ఫ్యూజు పెట్టాడు. ఫ్యాను తిరిగింది. సార్ కూర్చున్న కుర్చీ ఖాళీగా గాలికి ఆరుతోంది.

గురువారం మధ్యాహ్నం కల్పన ఫోన్ చేసింది. దవాఖానా మంచం మీద రక్తం మారుస్తుండగానే పోయాడట. నిద్రపోతున్నాడనుకున్నారట. బాలనర్సింహ ఆరో లేతు దగ్గర ఉన్నాడు. సరే బిడ్డా అని ఫోన్ జేబులో పెట్టుకుని, మిగిలిన రెండు మిషన్లకూ నూనె పోశాడు. తర్వాత నేల మీద కూర్చున్నాడు. ఉప్పల్ శ్మశానంలో పదిహేను మంది కూడా లేరు. పేపర్లో రాలేదు. గౌతమి ఇంటర్నెట్‌లో రాస్తే ముగ్గురో నలుగురో అయ్యో అన్నారట.

దినాలన్నీ అయ్యాక ఒక ఆదివారం కల్పన, గౌతమి గది ఖాళీ చేయడానికి వచ్చారు. పెట్టెను గౌతమి తీసుకుపోతుంది, సార్ అట్లా చెప్పాడట. బాలనర్సింహ తీగలు చుట్టి ఇచ్చాడు, బట్ట కప్పాడు. ఇద్దరూ పెట్టెను చెరో వైపు పట్టుకోబోతుంటే అడ్డం నిలబడ్డాడు.

“అమ్మా, అండ్ల ఏం లేదు. ఆ దినం కరెంటు పోలే. నేనే ఫ్యూజు పీకిన. సెల్ మార్చిన, సార్ పెట్టినయన్ని పోయినయి. చెప్పనీకి నోరు రాలే. ఆయన ఆశపడి వస్తే ఉత్తగ పంపిన.” చేతులు జోడించాడు. “నేనే పోగొట్టిన బిడ్డా.”

గౌతమి పెట్టె మీంచి చెయ్యి తీసేసింది. కల్పన మాత్రం అతణ్ణి వింతగా చూసింది.

“మామకు తెలుసు కాకా,” అంది. “ఆటోల కూసోంగనే అన్నడు: ఫేజు గీజు ఏం పోలే, నర్సిమ్మ ఏదో చేసి భయపడుతున్నడు, ఎవ్వలు అడగకున్రి అని. ఇంటికి పోంగనే ట్రంకుపెట్టె తీపిచ్చి, గీ పుస్తకం ఎతికిచ్చుకున్నడు. వచ్చే ఆదివారం తీస్కపోవాలె అని తలాపున పెట్టుకున్నడు. ఏమో అంకెలు రాసున్నయి, నాకేం సమజ్ గాలే.”

సంచీలోంచి బడిపిల్లల నోటుపుస్తకం తీసి ఇచ్చింది. బాలనర్సింహ అయిదో తరగతి దాకా చదివాడు. వాకిట్లోకి వెలుతురుకు పోయి, వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివాడు.

9-3-2003. సెల్ మార్చాను. శబ్దాలన్నీ పోయాయి. ముందే రాసి పెట్టుకున్నాను కనుక కింది అంకెలు చూసి మళ్ళీ పెట్టాను. ఒక పూట పట్టింది.

17-8-2008. సెల్ మార్చాను. మళ్ళీ పోయాయి. మళ్ళీ పెట్టాను. ఈసారి రెండు గంటలే.

ఆ తర్వాత పేజీల నిండా గళ్ళు, గళ్ళ నిండా అంకెలు. ఒక్కో గడి పైన సినిమా పేరు, శబ్దం పేరు. గౌతమి భుజం మీంచి తొంగి చూసి, “ఇవి ఉంటే చాలు అంకుల్, అన్నీ వచ్చేస్తాయి, ఒక్కటి కూడా పోలేదు,” అంది. ఆమె గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. బాలనర్సింహకు అది సరిగా వినిపించలేదు. అతను చివరి పేజీ తిప్పాడు. అక్కడ రాత వణికి, గీతలు దాటి, కిందికి జారిపోయి ఉంది.

21-4-2013. సెల్ పోయినట్టుంది. వచ్చే ఆదివారం నర్సింహను పక్కన కూర్చోబెట్టుకుని, అంకెలు నేను చదవాలి, వాడి చేత పెట్టించాలి.

బాలనర్సింహ గడప మీద కూర్చుని, ఇద్దరు ఆడపిల్లల ముందు, నోరు మూసుకోకుండా ఏడ్చాడు. సక్కుబాయి పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. నాలుగు మాటలు చెప్పి ఉంటే ఆ ఆదివారం సాయంత్రం రెండు గంటలు పట్టేది, అంతే. సార్ చదివేవాడు, తను పెట్టేవాడు. కల్పన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది, ఏమీ అనలేదు.

పుస్తకం అతని ఒళ్ళోంచి జారి మూసుకుని, గడప మీద అట్ట పైకి పడి ఉంది. అట్ట మీది చీటీలో పేరు అన్నచోట సార్ చేతిరాతతో శబ్దాలు అని ఉంది, తరగతి అన్నచోట ఏమీ రాసి లేదు.